పొయ్యి మీద వేలాడిన విత్తనపు పొత్తులు

మొక్కజొన్న పొత్తు ఒలవడం చేతకానివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అమలాపురంలో మా పక్కవాటాలో ఉండే ఆవిడ పచ్చి పొత్తు ఒళ్ళో పెట్టుకుని, పైపొరలు ఒక్కొక్కటే లాగి, పీచు పోగు పోగునా ఏరి, గింజల సందుల్లో ఇరుక్కున్నదాన్ని పిన్నీసుతో తీస్తూ కూర్చుంటుంది. ఆవిడ పొయ్యి వెలిగించేసరికి పిల్లల ఆకలి చచ్చిపోతుంది. పచ్చిగా ఉండగా ఒలిస్తే పీచు అంటుకునే ఉంటుంది. పొరలతో సహా వేడి తగలనిచ్చి అప్పుడు ఒలిస్తే, దానంతట అదే వదిలేస్తుంది. ఇంత చిన్న సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి. నాకు చెప్పినవాడు మా చిన్నమావయ్య. ఆ తరవాత ఎంతో కాలం లేడు, గోదావరిలో పోయాడు. అందుకని ఈ వంట ఎవరికైనా నేర్పుదామని నోరు తెరిస్తే ముందు ఆయనే వచ్చి నిలబడతాడు. పక్కవాటా ఆవిడకి ఇప్పటికీ నేర్పలేదు.

మా అమ్మమ్మగారి ఊరు పి.గన్నవరం దాటాక ఏటిగట్టు పక్కన. తాతయ్య నేను పుట్టకముందే పోయారు. ఒకప్పుడు ఊళ్ళో రైతుల చేలల్లో కూలికి వెళ్ళిన కుటుంబం మాది. చర్చి వాళ్ళ బళ్ళో చదువుకుని మా అమ్మ నర్సు అయింది, అమలాపురంలో ఉద్యోగం. చిన్నమావయ్యకి మాత్రం చదువు మీద మనసు పోలేదు. పాయకి అవతల లంకలో మాకున్న కాస్త నేల మీదే ఆయన ప్రాణమంతా. తొలకరికి అక్కడ మొక్కజొన్న వేసేవాడు. పొత్తు పాలు పట్టే వేళకి గోదావరి ఎర్రబడుతుంది. నీళ్ళు ముందొస్తాయా, పంట ముందొస్తుందా అని లంకవాళ్ళు ఏటా ఏటితో పందెం వేసుకుని బతుకుతారు. మావయ్య ఆ పందెం నవ్వుతూ వేసేవాడు.

సాయంత్రం రేవులో నావ దిగి గట్టెక్కుతూనే, "అమ్మా, పొయ్యిలో నిప్పుంచేవా?" అని కేకేసేవాడు. పెరట్లో స్నానాల నీళ్ళు కాచే పొయ్యి ఉండేది. కొబ్బరి డొక్కలూ మట్టలూ మండి మండి, అడుగున బోలెడంత కుమ్ము మిగిలేది. పొత్తుని ఒలవకుండా, పైన ఎండిన పొర ఒక్కటి తీసేసి, ఆ వేడి బూడిదలో పూడ్చిపెట్టేవాడు. పచ్చి పొరలు మాడుతున్న వాసన వచ్చేదాకా దాన్ని కదపకూడదు. తరవాత పైకి లాగి, కత్తిపీట మీద ముచ్చిక వైపు గింజ మొదలయ్యేచోట ఒక్క వేటు. కొసన ఉన్న జుట్టు గుడ్డతో పట్టుకుని పైనుంచి నొక్కుకుంటూ వస్తే, పొత్తు కింద నుంచి జారి పళ్ళెంలో పడేది. పీచంతా పొరల్లోనే ఉండిపోయేది. బొగ్గుల మీద కాల్చినదానికి పైన మాడు, లోపల పచ్చి. కుమ్ములో మగ్గినదానికి తన నీళ్ళతో తనే ఉడికిన తీపి ఉంటుంది. దానికి ఉప్పూ కారం కూడా అక్కర్లేదు.

మా అత్తది ముమ్మిడివరం దగ్గర. వాళ్ళ వైపు వరి, కొబ్బరి, తరవాత్తరవాత చేపల చెరువులు. మొక్కజొన్న ఆమెకి తెలీదు. కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో, సరిగ్గా మా పక్కవాటా ఆవిడలాగే, పొత్తు ముందేసుకుని పీచు ఏరుతూ కూర్చుంటే అమ్మమ్మ ముసిముసిగా నవ్వింది. మావయ్య నవ్వలేదు. పక్కన గొంతుక్కూర్చుని, ఆమె చేతిలోది తీసుకుని కుమ్ములో పెట్టి, తీసి, కోసి, మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాడు. "లాగకు. జుట్టు పట్టుకుని నొక్కు, అదే వత్తాది" అన్నాడు. పొత్తు జారి ఒళ్ళో పడగానే ఆమె ముఖంలో వచ్చిన వెలుగు, చిన్నపిల్లనై పక్కనే కూర్చున్న నాకింకా గుర్తే. ఆమె సగం విరిచి ఆయనకిచ్చింది.

విత్తనానికి ఉంచే పొత్తుల సంగతి వేరు. చేలోనే బాగా ముదరనిచ్చి, ఎండబెట్టి, పొరల్ని ఊడబెరక్కుండా వెనక్కి మడిచి, రెండేసి పొత్తుల పొరలు కలిపి జడ అల్లుతారు. ఆ జడల్ని వంటపాకలో పొయ్యికి సూటిగా పైన, వాసానికి కట్టిన వెదురు బొంగుకి తగిలిస్తారు. రోజూ పొగ తగులుతుంటే పురుగు ముట్టదు. మావయ్య ఆ పని ఎవరినీ చెయ్యనిచ్చేవాడు కాదు. మళ్ళీ తొలకరికి ఆయనే దించి, ఆయనే వలిచి, ఆయనే విత్తేవాడు. ఆ ఏడు లంకలో విత్తగా మిగిలిన జడలు బొంగుకి అలాగే ఉన్నాయి. మొలక రానిచోట మళ్ళీ పెట్టడానికి పనికొస్తాయని ఉంచాడు.

అది తొంభైల మొదట్లో. నేను సెలవులకి వెళ్ళి, అమ్మకి డ్యూటీలు పడడంతో అక్కడే ఉండిపోయి, ఆ ఊరి బడికే వెళ్తున్నాను. వర్షాలు మొదలై, ఏరు ఎర్రబడి, గంట గంటకీ రేవు మెట్లు ఎక్కుతోంది. పొత్తులు అప్పుడే పాలు పట్టాయి. ఊళ్ళో లంకలో నేల ఉన్నవాళ్ళంతా నావలేసుకుని దొరికినన్ని విరుచుకు తెచ్చేసుకుంటున్నారు. మావయ్య కూడా పొద్దుటి నుంచీ తిరిగాడు, అరుగు నిండా పచ్చి పొత్తులు పోశాడు. ఇంకో మూల మిగిలిపోయిందన్నాడు. అత్త వద్దంది. అమ్మమ్మ మాత్రం, మబ్బు కాస్త విడిచింది, చప్పున వెళ్ళి వచ్చెయ్యమంది. లంకవాళ్ళెవరైనా ఆ మాటే అంటారు. చేతికొచ్చిన పంట నీళ్ళలో నిలబడి ఉంటే చూస్తూ ఊరుకోవడం వాళ్ళకి చేతకాదు.

మర్నాడు నావ బోర్లాపడి కింద ఊరి రేవులో దొరికింది. మనిషి దొరకలేదు. పడవలవాళ్ళు రాజోలు వైపు దాకా వెతికి వచ్చారు. పొత్తులు మాత్రం దొరికాయి. పొరలున్న పచ్చి పొత్తు నీళ్ళ మీద తేలుతుంది. ఎర్రటి నీళ్ళలో ఆకుపచ్చగా తేలుతూ, ప్రతి రేవులోనూ రెండూ మూడూ ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఎవరో వాటిని బుట్టలో ఏరి తెచ్చి మా అరుగు మీద పెట్టి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయారు. ఎవరూ వాటిని ముట్టలేదు. అవి అక్కడే కుళ్ళి వాసనేశాయి. ఆ వాసన నాకు ఇప్పటికీ వానలో వస్తుంది, ఇంట్లో మొక్కజొన్న లేకపోయినా.

పాస్టరు గారు వచ్చి, శరీరం దొరక్కపోయినా ఫర్వాలేదు, జ్ఞాపక కూడిక పెట్టుకుందాం అన్నారు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఈత వచ్చినవాడు, ఎక్కడో ఒడ్డెక్కి ఉంటాడు, వాడు తిరిగొస్తే తన కూడికలో తనే కూర్చోవాలా అని ఎదురడిగింది. వారాలు గడిచాక మా అమ్మ విత్తనపు జడలు దించబోతే అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆడు కట్టేడు. ఆడొచ్చి ఇప్పుతాడు."

అప్పటినుంచీ ఆ ఇంట్లో అదే శాసనం. లంకలో మొక్కజొన్న మానేసి వంగా మిరపా వేయించింది. జడలు మాత్రం పొయ్యి మీద అలాగే ఉన్నాయి. పొగకి నల్లబడి, గింజ కనపడకుండా మసి పట్టి, ఏటి మీద నుంచి గాలొచ్చినప్పుడల్లా ఎండుపొరలు గరగరమనేవి. ఆ చప్పుడు వింటే నాకు ఎవరో తడికాళ్ళతో పాకలోకి వచ్చి తల తుడుచుకుంటున్నారనిపించేది. సాయంత్రమయ్యేసరికి అమ్మమ్మ పెరట్లో పొయ్యి దగ్గరికెళ్ళి నిప్పు ఆరకుండా కుమ్ము కప్పి వచ్చేది. గట్టు మీద ఏ చప్పుడైనా మాట్లాడుతున్నది ఆపేసి వినేది. ఆమె వింటుంటే మేమూ వినేవాళ్ళం. ఒక్కోసారి నాకు నిజంగానే మావయ్య కేక వినపడేది. వినపడిందని ఎవరికీ చెప్పలేదు, చెప్తే అమ్మమ్మ లేచి రేవుకి పరిగెడుతుందని భయం.

అత్త ఆ జడల కిందే వంట చేసేది. నల్లపూసలు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. పెళ్ళికి పిలిస్తే ముత్తయిదువల్లో కూర్చోబెట్టాలో వద్దో తెలీక పిలిచేవాళ్ళే ఇబ్బంది పడేవారు. అందుకని ఆమే వెళ్ళడం మానేసింది. ఆమె అన్నయ్యగారు ముమ్మిడివరం నుంచి ఏటా వచ్చేవారు. చెల్లెల్ని తీసుకెళ్ళి ఇంకో పెళ్ళి చెయ్యాలని ఆయన పట్టుదల. పాస్టరు గారు కూడా తప్పు లేదన్నారు. కాకపోతే, కన్నతల్లి కొడుకు బతికున్నాడంటుంటే నేను పెళ్ళెలా చేసేది, ముందు ఆవిణ్ణి ఒప్పించండి అన్నారు. అంటే అత్త బతుకంతా అమ్మమ్మ నోట్లో ఒక్క మాట మీద ఆగిపోయింది. వాడు లేడు అని ఆవిడ అనాలి. ఆవిడ అనదు. అన్నయ్యగారు అడిగినప్పుడల్లా అత్త తల వంచుకుని, అత్తయ్యగారు పంపితే వస్తానని ఒకటే జవాబు చెప్పేది. నాకు ఊహ తెలుస్తున్నకొద్దీ అమ్మమ్మ మీద కోపం పెరిగింది. చచ్చినవాడి కోసం బతికున్నదాన్ని కట్టేస్తోందని మా అమ్మ దగ్గర కేకలేసేదాన్ని.

ఒక సాయంత్రం సంగతి చెప్పాలి. అప్పటికి నేను అమలాపురంలో చదువుతూ శనాదివారాలకి వెళ్తున్నాను. అమ్మమ్మ చర్చిలో ఉంది. గుమ్మంలో అడుగు పెడుతూనే పచ్చి పొరలు మాడుతున్న వాసన. మా ఇంట్లో పొత్తు కాల్చి ఏళ్ళయింది. గోడ పట్టుకుని పెరట్లోకి తొంగిచూశాను. నీళ్ళ పొయ్యి దగ్గర అత్త ఒక్కతే ఉంది. కుమ్ములోంచి పొత్తు తీసి, ముచ్చిక కోసి, జుట్టు పట్టి నొక్కి జార్చింది. రెండుగా విరిచి, ఒక సగం పొయ్యికి అవతలి వైపు ఆకు మీద పెట్టి, ఇవతల కూర్చుని తన సగం తింది. అవతల ఎవరో ఉన్నట్టు అటే చూస్తూ నెమ్మదిగా తింది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. పక్కింటివాళ్ళు ఇచ్చిన పొత్తని, అత్తయ్యగారికి చెప్పొద్దని మాత్రం అంది. ఆకు మీది సగం ఆ తరవాత ఏమైందో నేను అడగలేదు.

ఆ తరవాత ఏడాది అన్నయ్యగారు ఒక సంబంధం తెచ్చారు. భార్య పోయిన టీచరు, ఒక కూతురు. ఆ చిన్నదాన్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. అది చేత్తో పట్టుకొచ్చిన పొత్తునే అత్త దానికి ఉడకబెట్టి పెట్టింది. పొరల్లో లోపలివి ఉంచేసే ఉడికించింది, ఉప్పు దించాక వేసింది. ముందే వేస్తే గింజ బిరుసెక్కుతుంది. ఒలిచి, చాకుతో గింజలు జవిరి, నెయ్యి చుక్క వేసి స్పూనుతో తినిపించింది. పిల్ల తిని తిని ఆమె ఒళ్ళోనే నిద్రపోయింది. దాన్ని నిద్రలేపి పంపాల్సి వచ్చినప్పుడు అత్త ముఖం చూశాను. అంతకుముందు ఎప్పుడూ ఆమెకి ఈ ఇంటి బయట ఏదీ కావాలనిపించినట్టు నాకు కనపడలేదు. ఆ రోజు కనపడింది. అమ్మమ్మకీ కనపడే ఉంటుంది, అయినా ఆ ఒక్క మాట అనలేదు.

వంటపాక కప్పు ఎప్పుడో చివికిపోయింది. ఏటా తాటాకు మార్చాలి. మార్చాలంటే బొంగు ఊడదియ్యాలి, జడలు దించాలి. అందుకని అమ్మమ్మ ఏటా వచ్చే ఏడు చూద్దామనేది. అత్త చినుకుల కింద గిన్నెలు పెట్టుకుని వండేది. రెండు వేల సంవత్సరం దాటాక ఒక వానాకాలం మధ్యాహ్నం, అన్నం వారుస్తుండగా వాసం విరిగి ఒక పక్క కప్పంతా అత్త మీద కూలింది. నేనూ అమ్మమ్మా పరిగెత్తాం. తాటాకుల కింద నుంచి లాగేసరికి భుజం చీరుకుపోయి నెత్తురు కారుతోంది. గంజి కాలి మీద పడలేదు, అదే అదృష్టం. జడలున్న బొంగు రెండో వైపు పొయ్యి మీద అలాగే నిలబడి ఉంది. అమ్మమ్మ దాని వంక చూసింది. అత్త వంక చూసింది. అత్త ఆ నెత్తురుతోనే, ఏం కాలేదండి అత్తయ్యగారూ, జడలు పడలేదండి అంది.

కట్టు కట్టించి అత్తని పెద్దింట్లో పడుకోబెట్టాం. అమ్మమ్మ పీట తెచ్చి నా ముందు వేసి జడలు దించమంది. నేను విన్నది నిజమో కాదో తెలీక నిలబడిపోయాను. మళ్ళీ చెప్పింది. దించాను. చేతులు మసి అయ్యాయి. ఎండుపొరలు ముట్టుకుంటే పొడి పొడిగా రాలిపోయాయి, లోపల గింజ మాత్రం పురుగు పట్టకుండా రాయిలా ఉంది.

అరుగు మీద చేట పెట్టుకుని ఇద్దరం వలవడం మొదలెట్టాం. నాకు ఒక్క గింజ కూడా ఊడలేదు, గోళ్ళు నొప్పెట్టాయి. అమ్మమ్మ నా చేతిలోది లాక్కుని, చాకు మొనతో మొదలు నుంచి కొస దాకా ఒక్క వరస పొడిచి తీసేసింది. ఆ ఖాళీలోకి పక్క వరసని బొటనవేలితో తోస్తే గింజలు జలజలా రాలాయి. ఇంకొన్ని వరసలు పోయాక, గింజల్లేని బెండు తీసుకుని దాంతో రుద్దింది. ఎండు పొత్తు వలవడానికి ఇప్పటికీ ఇంతకంటే తేలిక పద్ధతి నాకు తెలీదు. చేటలోకి చూస్తూ, నన్ను చూడకుండా చెప్పింది.

"ఆడు రాడని నాకు నావ చూసినప్పుడే తెలుసే. పోయేడని నా నోటితో అంటే, మర్నాడే ఆళ్ళన్నయ్య వచ్చి దీన్ని తీసుకుపోతాడు. ఆడూ లేక, ఇదీ లేక, ఈ ఇంట్లో నేనెవరితో మాటాడను?"

అన్నేళ్ళు నేను కోప్పడిన ముసలామె వేరు, నా పక్కన బెండుతో గింజలు రుద్దుతున్న మనిషి వేరు. ఆమెకి పిచ్చి లేదు, ఆశ కూడా లేదు. కోడలంటే ప్రాణం, అంతే. దానికోసం పోయిన కొడుకుని రోజూ సాయంత్రం గట్టెక్కించింది.

పాస్టరు గారికి ఆమే కబురు పంపింది. కూడికకి ఆ గింజలే గుగ్గిళ్ళు వండింది. రెండు పగళ్ళు నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి ఉడికించినా అవి పూర్తిగా మెత్తబడలేదు. వచ్చినవాళ్ళు మర్యాదకి నమిలారు. పాటలు పాడారు, వాక్యం చదివారు, మా అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మమ్మా అత్తా మాత్రం పక్కపక్కన కూర్చుని ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. ఒకళ్ళనొకళ్ళు ఓరకంట చూసుకుంటూ బిగబట్టుకుని కూర్చున్నారు. ఊళ్ళో దానిమీద చెవులు కొరుక్కున్నారు.

అత్త పుట్టింటికి వెళ్ళే రోజు నేనూ ఉన్నాను. అన్నయ్యగారు గన్నవరం నుంచి ఆటో మాట్లాడుకొచ్చారు. పెట్టె ఎక్కించారు. అత్త అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది, లేవలేదు. అమ్మమ్మ తల నిమిరి, పొద్దెక్కుతోంది, బయల్దేరమంది. అప్పుడు అత్త తలెత్తింది.

"అత్తయ్యగారండి, ఆయన రారని మీకు తెలుసని నాకు మొదట్నుంచీ తెలుసండి. మీరలా అంటున్నన్నాళ్ళూ మీ దగ్గర ఉండొచ్చు గదా అని ఊరుకున్నానండి."

అమ్మమ్మ చెయ్యి ఆమె తల మీదే ఆగిపోయింది. ఇద్దరూ ఒకళ్ళ ముఖంలోకి ఒకళ్ళు చూసుకున్నారు.

"అయితే ఇన్నేళ్ళూ" అంది అమ్మమ్మ, "ఆడి కోసం మనిద్దరం ఏడవనే లేదేమిటే."

అంతవరకూ గట్టిగా ఉన్న మనిషి గుమ్మంలోనే చతికిలపడింది. అత్త ఆమె ఒళ్ళో తల పెట్టింది. ఇద్దరూ, కిందటి రోజే కబురు తెలిసినట్టు, పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చారు. ఆ పేరు వాళ్ళిద్దరి నోటా వినడం నాకు మావయ్య పోయాక అదే మొదలు. అన్నయ్యగారు వాచీ చూసుకుని, మళ్ళీ చూసుకోలేదు. ఆటో అతను ఇంజను ఆపేసి గట్టు మీదికి వెళ్ళి నిలబడ్డాడు.